మృదుత్వమా, దోషమా? గర్భిణి నడుము నొప్పిపై వైద్య దృక్పథాల పరిణామం

ఉపోద్ఘాతం

గర్భధారణ కాలంలో నడుము కింది భాగంలోనూ, వెన్నెముక చివరనున్న అనుత్రికాస్థి వద్దనూ కలిగే నొప్పి స్త్రీల అనుభవంలో అనాదిగా ఉన్నదే. జనవ్యవహారంలో తోక ఎముక అని పిలిచేది ఈ అనుత్రికాస్థినే. అయితే నొప్పి పాతదే అయినా వైద్యులు దానికి చెప్పిన అర్థం అన్ని కాలాల్లోనూ ఒకటిగా లేదు. నెలలు నిండేకొద్దీ నడుము భాగం మెత్తబడటం ప్రసవానికి శరీరం చేసుకునే సన్నాహమా, లేక కీళ్లకు వచ్చిన దోషమా అన్న ప్రశ్న ఈ చరిత్ర అంతటా కనిపిస్తుంది. దానికి దొరికిన సమాధానాన్ని బట్టే గర్భిణికి ఏ ఉపశమనం దక్కిందన్నది కూడా నిర్ణయమైంది. ఆ పరిణామాన్ని ప్రధాన ఘట్టాల ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

ఆయుర్వేద సంహితలలో నడుము

చరక సంహిత శారీరస్థానం ఎనిమిదవ అధ్యాయం గర్భిణి పాటించవలసిన నియమాలను నెలలవారీగా వివరిస్తుంది. తొమ్మిదవ నెలలో మధుర ద్రవ్యాలతో పక్వం చేసిన తైలంతో అనువాసన వస్తిని, ఆ తైలంలో తడిపిన పిచువును విధించింది. ఈ క్రమం పాటించిన స్త్రీకి ప్రసవ సమయాన కుక్షి, కటి, పార్శ్వాలు, పృష్ఠం మృదువవుతాయని, వాతం అనులోమమవుతుందని దాని ఫలాన్ని పేర్కొన్నది. ఇక్కడ మృదుత్వం సాధించవలసిన స్థితి. దీనిని కీళ్ల శరీర నిర్మాణ జ్ఞానంగా కాక, వాత సిద్ధాంతంలో భాగంగానే గ్రహించాలి.

సుశ్రుత సంహిత నడుము, వీపు భాగాల్లో అంతటా కలిగే వేదనను ప్రసవం సమీపించిందనడానికి గుర్తుగా చెప్పింది. తెలుగులోనూ 'నొప్పులు' అనే బహువచన ప్రయోగం పురిటి నొప్పులకే రూఢి. అంటే ప్రసవాన్ని సూచించే వేదనకు శాస్త్రంలోనూ భాషలోనూ స్పష్టమైన స్థానం ఉన్నది. నెలల తరబడి గర్భిణిని వెన్నాడే వేదనకు మాత్రం అటువంటి ప్రత్యేక నామం రూఢి కాలేదు.

శవపరీక్ష నుండి శస్త్రచికిత్స వరకు

ఐరోపాలో ఇదే విషయం శరీర నిర్మాణ వివాదంగా మారింది. ప్రసవంలో కటివలయపు ఎముకలు విడివడతాయన్న ప్రాచీన విశ్వాసాన్ని 16వ శతాబ్దపు శరీర నిర్మాణ శాస్త్రవేత్తలు ప్రశ్నించారు. ఫ్రెంచ్ శస్త్రవైద్యుడు ఆంబ్రవాజ్ పారే మొదట ఆ విశ్వాసాన్ని నిరాకరించాడు. 1579లో, ప్రసవించిన కొద్దికాలానికే ఉరిశిక్షకు గురైన ఒక స్త్రీ దేహాన్ని పరీక్షించినప్పుడు జఘనాస్థులు విడివడి ఉండటం చూసి తన అభిప్రాయాన్ని మార్చుకున్నాడు. వివాదం తేల్చడానికి ఒక స్త్రీ మృతదేహం సాక్ష్యమైంది. జీవించివున్న గర్భిణులు చెప్పుకొన్న బాధకు ఆ చర్చలో చోటు స్వల్పం.

19వ శతాబ్దంలో దృష్టి చికిత్స వైపు మళ్లింది. 1844లో అమెరికా వైద్యుడు జోసయా నాట్, తీవ్రమైన నొప్పికి చికిత్సగా ఒక స్త్రీ అనుత్రికాస్థిని తొలగించిన ఉదంతాన్ని ప్రకటించాడు. ప్రసవంలో క్లోరోఫాం వాడకాన్ని ప్రవేశపెట్టిన ఎడిన్‌బరో వైద్యుడు జేమ్స్ యంగ్ సింప్సన్ 1859లో ఈ బాధకు 'కాక్సిగోడినియా' అని పేరు పెట్టాడు. కాక్సిక్స్ అనే మాటకు మూలమైన గ్రీకు పదానికి కోకిల అని అర్థం. ఆ ఎముక ఆకారం కోకిల ముక్కును పోలి ఉండటమే ఇందుకు కారణం. ఆ ఎముకను అంటిపెట్టుకున్న కండరాలను, బంధనాలను చర్మం కిందనే కోసి విడదీసే పద్ధతిని సింప్సన్ అనుసరించాడు. పేరు లభించడంతో ఈ బాధకు వైద్య గ్రంథాల్లో స్థానం దక్కింది. కానీ అది ఒక ఎముక రోగంగా స్థిరపడటంతో కత్తి కూడా వెంట వచ్చింది.

1870లో స్నెల్లింగ్ గర్భధారణలోనూ ప్రసవంలోనూ కటివలయపు కీళ్లు సడలడాన్ని వివరించి, నడకను కష్టతరం చేసే స్థితిగా దానిని గుర్తించాడు. చరక సంహిత ఫలంగా పేర్కొన్న మృదుత్వానికి, స్నెల్లింగ్ వికృతిగా వర్ణించిన సడలింపునకు మధ్య భేదం రెండు వైద్య సంప్రదాయాల దృష్టి భేదమే.

హార్మోన్ వివరణ, దాని పరిమితి

1926లో ఫ్రెడరిక్ హిసా గర్భంతో ఉన్న జంతువుల రక్తరసాన్ని ఆడ గినీ పందులకు ఎక్కించి, వాటి జఘన బంధనాలు సడలడం గమనించాడు. 1930లో ఆ పదార్థానికి 'రిలాక్సిన్' అనే పేరు స్థిరపడింది. దీనితో సడలింపు మళ్లీ ప్రకృతి సన్నాహమైంది. మానవ గర్భధారణలో జఘన సంధి సాధారణ వెడల్పు అయిన 4–5 మిల్లీమీటర్లకు మరో 2–3 మిల్లీమీటర్లు చేరడం సహజమేనని ఎక్స్‌రే పరిశీలనలు బలపరిచాయి.

ఈ వివరణలో ఒక చిక్కు ఉన్నది. సడలింపు అందరిలోనూ సహజమైతే, కొందరే మంచం దిగలేనంతగా ఎందుకు బాధపడతారు? రిలాక్సిన్ పరిమాణానికీ నొప్పి తీవ్రతకూ సంబంధముందని 1986లో ఒక అధ్యయనం సూచించగా, తరువాతి పరిశోధనలు దానిని నిలకడగా సమర్థించలేదు. 'సహజమే' అన్న మాట కారణాన్ని కొంతవరకు వివరించింది గాని బాధను తీర్చలేదు.

స్త్రీల మాటే ఆధారంగా

20వ శతాబ్దం చివర స్వీడన్‌లో పరిశోధన దిశ మారింది. ఓస్ట్‌గార్డ్ బృందం 855 మంది గర్భిణులను 12వ వారం నుండి అనుసరించి, వారిలో 49 శాతం మందికి నడుము నొప్పి కలిగిందని 1991లో నివేదించింది. 1994లో, వెన్నెముక నొప్పిని కటివలయపు వెనుక భాగపు నొప్పి నుండి వేరుచేసే పరీక్షను ప్రతిపాదించింది. రెండింటినీ ఒకే గాటన కట్టి ఒకే వ్యాయామం చెప్పడం సరికాదన్నది ఆ విభజన సారాంశం.

2008 నాటి ఐరోపా మార్గదర్శకాలు వ్యక్తిని బట్టి రూపొందించిన వ్యాయామాలను సిఫారసు చేశాయి. నడుముపట్టీని కొద్ది సమయమే వాడవచ్చునన్నాయి. ఒక పక్కకు తిరిగి మోకాళ్ల నడుమ దిండు ఉంచుకొని పడుకోవడం, తోక ఎముకపై భారం పడకుండా మధ్యలో ఖాళీ ఉన్న మెత్తపై కూర్చోవడం వంటి ఉపాయాలు ఈ దృష్టికి అనుగుణమైనవే. ఇక్కడ కొలమానం ఎముకల ఎడం కాదు. స్త్రీ నడవగలుగుతున్నదా, పక్కపై ఒత్తిగిలగలుగుతున్నదా అన్నది.

ఉపసంహారం

తెలుగు కుటుంబాల్లో బాలింతకు నూనె మర్దన, వేడినీళ్ల స్నానం, నడుముకట్టు వంటి ఉపచారాలు ఆచారంగా నిలిచాయి. ఇవన్నీ ప్రధానంగా ప్రసవానంతరం నడుముకు దక్కే గౌరవం. ప్రసవానికి ముందు నెలల్లో వరి నాట్లలో వంగి పనిచేసే స్త్రీకీ, నిలబడి పాఠం చెప్పే స్త్రీకీ తరచుగా దక్కేది 'ఈ నెలల్లో అంతేనమ్మా' అన్న ఓదార్పు మాటే. పై చరిత్ర రెండు పొరపాట్లను స్పష్టం చేస్తున్నది: దోషమనుకున్నప్పుడు చికిత్స శృతి మించింది, సహజమనుకున్నప్పుడు చికిత్సే లోపించింది. మృదుత్వం సహజమే కావచ్చు. దాని వల్ల కలిగే బాధను భరించి తీరాలన్నది మాత్రం ప్రకృతి నియమం కాదు, సమాజం చేసుకున్న నిర్ణయం. గర్భిణి చెప్పే మాటను రోగ నిర్ధారణలో మొదటి ఆధారంగా గుర్తించడమే ఈ పరిణామంలో వచ్చిన అసలైన మలుపు.