రిజిస్టర్లలో దొరికిన ఆడపడుచు

కెనడాలోని క్యూబెక్‌లో, షార్లెవ్వా కొండల్లో కొత్తవాళ్లెవరైనా గడప తొక్కితే ముసలివాళ్లు అడిగే మొదటి ప్రశ్న "ఎవరి తాలూకు?" అనే. తాళ్ళరేవులో మా అమ్మమ్మా అదే అడిగేది. కాకపోతే ఇక్కడ దానికి జవాబు మూడున్నర వందల ఏళ్ల వెనక్కి కాగితం మీద దొరుకుతుంది. జమీందారుకే కాదు, చదువురాని రైతుకీ దొరుకుతుంది. మాంట్రియల్‌లో స్థిరపడి క్యూబెక్ అబ్బాయిని పెళ్లి చేసుకున్న నేను, పిల్లల కోసం వాళ్ల నాన్నవైపు వంశవృక్షం రాయడం మొదలుపెట్టాను. నాకు తోడు కూర్చుని పాత ఫ్రెంచి దస్తూరీ చదివిపెట్టిన స్నేహితురాలు మా ఆయనకి దూరపు చుట్టమని అందులోనే తేలింది. ఇది కాకతాళీయం కాదు, ఈ నేల చరిత్రే అలాంటిది.

ఫ్రెంచివాళ్లు 1608లో సెయింట్ లారెన్స్ నది ఒడ్డున క్యూబెక్ ఊరు కట్టారు. 1663 నాటికి కూడా కాలనీ జనాభా మూడు వేలకి అటూ ఇటూగానే ఉండేది. మగవాళ్లు ఎక్కువ, పెళ్లీడు ఆడపిల్లలు తక్కువ. అందుకని పద్నాలుగో లూయీ తన ఖజానా ఖర్చుతో అమ్మాయిల్ని ఓడలెక్కించాడు. పదేళ్లలో సుమారు 800 మంది దిగారు. "రాజుగారి కూతుళ్లు" అని పేరేగానీ, చాలామంది తండ్రి పోయిన బీదపిల్లలు. పారిస్‌లోని సాల్పెత్రియేర్ అనాథ శరణాలయం నుంచి వచ్చినవాళ్లూ ఎందరో. వచ్చిన కొద్ది నెలల్లోనే ముక్కూమొహం తెలియనివాణ్ణి పెళ్లాడి, నది గడ్డకట్టే చలిలో, అడవి కొట్టిన పొలాల్లో సంసారం చేశారు. ఫ్రెంచి మాట్లాడే క్యూబెక్‌లో వాళ్ల రక్తం లేని పాత కుటుంబం దొరకడం కష్టం. ఆ పిల్లల ధైర్యం తలుచుకుంటే, విమానంలో వచ్చిన నా వలస ఎంత సుఖమైనదో అనిపిస్తుంది.

తర్వాత యుద్ధం వచ్చింది. ఇది మనకీ తెలిసిన యుద్ధమే. 1758 డిసెంబర్‌లో పిఠాపురం దగ్గర చందుర్తిలో ఇంగ్లీషువాళ్లు ఫ్రెంచివాళ్లని ఓడించారు కదా, ఆ పోరే ఇక్కడా నడిచింది. మరుసటి సెప్టెంబర్‌లో క్యూబెక్ కోట పడిపోయింది, 1760లో మాంట్రియల్ లొంగిపోయింది. 1763 పారిస్ ఒప్పందంలో ఫ్రాన్స్‌కి యానాం, పుదుచ్చేరి తిరిగి దక్కాయి, కెనడా దక్కలేదు. ఫ్రాన్స్ నుంచి వలస దాదాపుగా ఆగిపోయింది. అప్పటికి ఇక్కడున్న డెబ్భై వేల లోపు జనమే తమలో తాము పెళ్లిళ్లు చేసుకుంటూ లక్షలై, భాషనీ మతాన్నీ నిలబెట్టుకున్నారు. ట్రాంబ్లే అనే ఇంటిపేరు ఇక్కడ అన్నిటికంటే ఎక్కువ. అందరూ 1657లో పెళ్లాడిన పియెర్ ట్రాంబ్లే, ఓజాన్ అషోన్ అనే ఒక్క జంట సంతానం. కాబట్టి వాళ్ల దగ్గర చుట్టరికం కలిసిందంటే ఎవరూ ఆశ్చర్యపోరు. అంతకంటే దగ్గర్లో కలిస్తేనే లెక్క.

మాకు 1829లో కలిసింది. బాప్తిస్మం, పెళ్లి, ఖననం అన్నీ చర్చి ఫాదరీలే రాసేవారు. 1994 దాకా ప్రభుత్వానికీ అవే జనన మరణాల లెక్కలు. పెళ్లి నమోదులో ఇద్దరి తల్లిదండ్రుల పేర్లూ ఉంటాయి, తల్లులు పుట్టింటి పేరుతోనే ఉంటారు. అదే తాళంచెవి. ఒక పెళ్లి దొరికితే దాన్ని పట్టుకుని వాళ్ల తల్లిదండ్రుల పెళ్లికి, అక్కణ్ణించి ఇంకా వెనక్కి వెళ్లవచ్చు. మాకు దొరికిన పేజీలో అంచున పెళ్లికి గుర్తుగా "ఎం" అక్షరం, కింద వధూవరుల పేర్లు. చివర, ఇద్దరికీ సంతకం చేయడం రాదని చెప్పారన్న వాక్యం. వాళ్ల పెద్దకొడుకు వంశంలో మా ఆయన, చిన్నకొడుకు వంశంలో నా స్నేహితురాలు. ఇద్దరూ ఆరో తరం. అమ్మకి ఫోన్ చేస్తే క్షణంలో వరస తేల్చేసింది: "అయితే నీకు ఆడపడుచే!"

ఆ పేజీలోనే ఇంకో వాక్యం నన్ను ఆపేసింది. ఆ వధూవరులకి మూడో డిగ్రీ చుట్టరికం ఉందనీ, అంటే ముత్తాత ఒక్కరేననీ, పెళ్లికి బిషప్ అనుమతి తెచ్చుకున్నారనీ రాశాడు ఫాదరీ. మేనరికాన్ని ముచ్చటగా చేసుకునే మనకి ఇది వింత. ప్రత్యేక అనుమతి లేనిదే నాలుగో డిగ్రీ దాకా చర్చి ఒప్పుకునేది కాదు. ఆ నిషేధం వల్లే ఎవరెవరికి ఏమవుతారో రాసిపెట్టాల్సి వచ్చింది, అది ఈనాడు మాకు ఉపయోగపడింది.

అయితే అవే పుస్తకాల్లో బానిసలూ ఉన్నారు. చరిత్రకారుడు మార్సెల్ ట్రూదెల్ సుమారు 4,200 మందిని వెలికితీశాడు. సుమారు మూడింట రెండు వంతులు ఈ ఖండపు ఆదివాసులే. చాలామందికి ఒంటిపేరూ యజమాని పేరూ తప్ప తల్లిదండ్రుల ఊసు లేదు. "మా వంశం" అని ఇక్కడివాళ్లు గర్వంగా చెప్పినప్పుడల్లా నాకు ఆ ఒంటిపేర్లు గుర్తొస్తాయి. ఆ మాట నా ఆడపడుచుకీ చెప్పాను, ఆమె ఒప్పుకుంది.

ఇప్పుడు పిల్లలు నా వైపు అడుగుతున్నారు. తర్పణంలో చెప్పే మూడు తరాలు దాటితే మాకు ఏమీ లేదు. తాతమ్మ పుట్టింటి పేరే ఎవరికీ తెలియదు. కానీ ఆవిడ పుట్టింది యానాంలో. అక్కడి ఫ్రెంచి దొరతనం జనన మరణాలు రాయించేది. ఆ పుస్తకాలు ఫ్రాన్స్‌లో, ఎక్స్-ఆన్-ప్రొవాన్స్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. తెలుగు పేర్లని ఫ్రెంచి గుమాస్తా తన చెవికి తోచినట్టు రాసుకుపోయాడు. ఆ దస్తూరీ నా ఆడపడుచు చదువుతోంది, ఏ పేరో నేను పోల్చుకుంటున్నాను.