గోదావరి డెల్టాలో ఇస్లాం, ఆర్థికాభివృద్ధి

ఇస్లాం మతానికి, ఆర్థికాభివృద్ధికి గల సంబంధం పండితులలో చిరకాలంగా చర్చనీయాంశం. ఇస్లాం బోధనలు పెట్టుబడిదారీ వ్యవస్థకు అవరోధం కాలేదని ఫ్రెంచి పండితుడు మాక్సిం రోడిన్సన్ 1966లో వాదించాడు. అవరోధమైనది విశ్వాసం కాదనీ, వారసత్వ విభజన, వక్ఫు, భాగస్వామ్య వ్యాపారాలకు సంబంధించిన పాత న్యాయసూత్రాలనీ తిమూర్ కురాన్ 2011లో ప్రతిపాదించాడు. ఉభయ గోదావరి జిల్లాలలో (2022లో ఇవి మరికొన్ని జిల్లాలుగా విభజింపబడినవి) ముస్లింల సంఖ్య స్వల్పం. అయినను ఈ వాదాలను పరీక్షించుటకు ఈ ప్రాంతం అనువైనది. ఇక్కడ ముస్లింల స్థితిగతులను నిర్ణయించినది మతధర్మం కంటే భూమి, నీరు, అప్పు ఎవరికి దక్కినవన్న విషయమే.

చరిత్ర

రాజమండ్రి పెద్ద మసీదులోని 1324 నాటి శాసనం ఈ ప్రాంతంలో ముస్లిం పాలనకు తొలి ఆనవాళ్ళలో ఒకటి. 16వ శతాబ్దపు చివరి భాగంలో రాజమండ్రి గోల్కొండ కుతుబ్ షాహీల వశమైనది. వారి కాలంలో మచిలీపట్నం రేవు నుండి పర్షియాకు సరకులు, మక్కాకు హజ్ యాత్రికులు ఓడలలో వెళ్ళేవారు. 17వ శతాబ్దంలో నర్సాపురం ఓడల నిర్మాణానికి పేరొందినది. దాని సమీపంలోని మాధవాయపాలెం నుండి ఎగుమతి అయిన నూలుబట్ట ఐరోపాలో "మాడపోలం"గా ప్రసిద్ధి చెందినది. ఊరిని మరచిన వారు కూడా ఆ బట్ట పేరును నేటికీ వాడుతున్నారు.

1753లో ఉత్తర సర్కారులు ఫ్రెంచివారికి, 1760ల దశకంలో ఆంగ్లేయులకు సంక్రమించినవి. 1823లో కంపెనీ నిజాముకు ఏకమొత్తం చెల్లించి పేష్కష్ బాధ్యతను తొలగించుకొన్నది. పాలన చేతులు మారడంతో కొలువులపై ఆధారపడిన ముస్లిం కుటుంబాలు జీవనాధారాన్ని కోల్పోయినవి. ఆ తరువాత 1852లో సర్ ఆర్థర్ కాటన్ నిర్మించిన ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినది. కాలువల నీటితో వచ్చిన సంపద భూమి ఉన్నవారిదే అయినది. నేతపనివారికి, దూది ఏకేవారికి, చిల్లర వర్తకులకు అందులో దక్కినది స్వల్పం.

ఏలూరు తివాచీలు

డెల్టాలో ముస్లింల చేతిలో పెరిగిన ముఖ్య పరిశ్రమ ఏలూరు ఉన్ని తివాచీల నేత. ముస్లిం పాలనాకాలంలో పర్షియా నుండి వచ్చి స్థిరపడిన నేతపనివారు దీనిని ఆరంభించినట్లు చెబుతారు. నిలువు మగ్గంపై నూలు పడుగు కట్టి, రంగు ఉన్నిని ఒక్కొక్క ముడిగా వేసి, చివరలను కత్తిరిస్తారు. ఒక్క తివాచీకే లక్షల ముడులు పడతాయి. "గోపాలరావు", "రామచంద్రఖాని" వంటి డిజైన్ల పేర్లు పారసీక నమూనా, తెలుగు ఊరు, మద్రాసు ఎగుమతి వ్యాపారం కలిసిన తీరును తెలుపుతాయి.

ఈ పరిశ్రమ క్షీణతకు మతం కారణం కాదు. రసాయనిక రంగులు ప్రవేశించి నాణ్యత దెబ్బతిన్నది. ఖైదీలచే చౌకగా నేయించిన జైలు తివాచీలు దేశమంతటా ధరలను పడగొట్టినవి. ఏలూరు మగ్గాలపై హెన్రీ హారిస్ 1908లో మద్రాసు ప్రభుత్వం కొరకు వ్రాసిన నివేదికలో సమాచారం కలదు. ఎగుమతిదారు ఇచ్చిన బయానాతో పనిచేసే నేతగానికి మార్కెట్టుతో నేరుగా సంబంధం ఉండదు. లాభం పైవారిది, నష్టం మగ్గం వద్ద కూర్చున్నవానిది. యంత్రపు తివాచీలు వచ్చిన తరువాత నేతపనివారి సంఖ్య బాగా తగ్గిపోయినది.

దూదేకుల (నూర్‌బాషా) వారి కథ కూడా దాదాపు ఇదే. తెలుగే మాతృభాషగా గల వీరి కులవృత్తిని మొదట మిల్లులు, పిమ్మట ఫోం పరుపులు దెబ్బతీసినవి.

వడ్డీ, జకాత్, వక్ఫు

డెల్టా వ్యవసాయం, వర్తకం అప్పు మీదనే నడుస్తాయి. 1923లో మచిలీపట్నంలో స్థాపించబడిన ఆంధ్రా బ్యాంకు (2020లో యూనియన్ బ్యాంకులో విలీనమైనది) కోస్తా మిగులు ధనాన్ని పెట్టుబడిగా మార్చినది. ఇస్లాంలో వడ్డీ (రిబా) నిషిద్ధం కనుక ముస్లింలు బ్యాంకులకు దూరమైనారనే వాదన కలదు. ఇందులో కొంత నిజం ఉన్నను, తాకట్టు పెట్టుటకు భూమి లేనివానికి ఏ మతమైనా బ్యాంకు అప్పు దొరకడం కష్టమే. ముస్లింలకు అందిన ప్రాధాన్యతా రంగ రుణాలు వారి జనాభా నిష్పత్తి కంటే తక్కువని 2006 నాటి సచార్ కమిటీ నివేదిక తెలిపినది.

వడ్డీలేని రుణాల ఆలోచనకు తెలుగునేలపై పాత చరిత్ర ఉన్నది. హైదరాబాదులోని వడ్డీరహిత పరపతి సంఘాలను గురించి ముహమ్మద్ హమీదుల్లా వ్రాశాడు. ఉస్మానియా విశ్వవిద్యాలయ ఆచార్యుడు అన్వర్ ఇక్బాల్ ఖురేషీ 1940ల దశకంలోనే ఇస్లాం, వడ్డీ సిద్ధాంతాలపై గ్రంథం రచించాడు. భారతదేశంలో వడ్డీలేని బ్యాంకింగును 2008లో రఘురాం రాజన్ కమిటీ సూచించగా, రిజర్వు బ్యాంకు 2017లో ఆ ప్రతిపాదనను విరమించుకొన్నది.

నిసాబ్‌కు మించిన పొదుపుపై ఏటా రెండున్నర శాతం జకాత్ ఇవ్వడం విధి. చేతివృత్తులవారే అధికంగా ఉన్నచోట ఇచ్చేవారి కంటే పుచ్చుకొనదగినవారే ఎక్కువ. మసీదులు, దర్గాల వక్ఫు భూములు అమ్మరానివి. తక్కువ కౌలుకు దీర్ఘకాలం చిక్కుకుపోయే వక్ఫు భూముల విషయంలో కురాన్ వాదన కొంతవరకు వర్తిస్తుంది. 1954, 1995 చట్టాల తరువాత 2025లో వక్ఫు చట్టం మరల సవరించబడినది.

రిజర్వేషన్లు, వలసలు

దూదేకులవారు పూర్వమే వెనుకబడిన తరగతుల బీ గ్రూపులో ఉన్నారు. 2007లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం షేక్, ఖురేషీ, అత్తరు సాయిబులు మొదలగు 14 వర్గాలకు ఈ గ్రూపు క్రింద 4 శాతం కేటాయించినది. సయ్యద్, పఠాన్, మొగల్ తదితరులకు ఇది వర్తించదు. అనగా చట్టం గుర్తించినది మతాన్ని కాదు, వృత్తిని, వెనుకబాటును. 2010 ఫిబ్రవరిలో హైకోర్టు దీనిని కొట్టివేయగా, మార్చిలో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో కొనసాగనిచ్చి, విషయాన్ని రాజ్యాంగ ధర్మాసనానికి నివేదించినది. ఎందరో విద్యార్థుల ఇంజనీరింగు, వైద్య సీట్లు ఆ ఉత్తర్వుపైనే ఆధారపడినవి.

చమురు ఆదాయం పెరిగిన తరువాత కోనసీమ, నర్సాపురం, పాలకొల్లు ప్రాంతాల నుండి కువైట్ మొదలగు గల్ఫ్ దేశాలకు ఇంటిపనికై స్త్రీలు పెద్దసంఖ్యలో వెళ్ళారు. వీరిలో హిందువులు, క్రైస్తవులే ఎక్కువ. ముస్లిం దేశాల సంపద డెల్టాకు ప్రధానంగా చేరినది ఈ కూలిడబ్బు రూపంలోనే. అది పాత బాకీలకు, పిల్లల చదువులకు, పెంకుటిల్లు స్థానంలో లేచిన డాబాలకు ఖర్చయినది.