నిద్రయందు దేహచలనము

మేల్కొనియున్నప్పుడు మెదడు కాలుసేతులను నడపుననియు, నిద్ర వచ్చినతోడనే యా పని మానుననియు మనమందఱమును తలంతుము. తోలువాఁడు కునికిన బండి నిలిచినట్లు దేహము నిలుచునని యూహ. (మన యెద్దులు తోలువాఁడు కునికినను ఇల్లు చేరుననుట వేఱుమాట.)

ఈ యూహలో మొదటి సగము సత్యమే. 1870లో బెర్లినునందు ఫ్రిట్ష్, హిట్జిగ్ అను నిరువురు వైద్యులు కుక్కమెదడు పైపొర నొకవైపున స్వల్పవిద్యుత్తుతోఁ దాఁకఁగా రెండవవైపు కాలు కదలెను. దేహచలనమునకు మెదడునందుఁ బ్రత్యేకస్థానములు గలవని దానితో వెల్లడియయ్యెను. రెండవ సగము తప్పని తెలియుటకు మఱి తొంబదియేండ్లు పట్టినది. 1953లో షికాగో విశ్వవిద్యాలయమున అసెరిన్స్కీ, క్లైట్మన్ అనువారు, నిద్రితుల మూసిన ఱెప్పలక్రింద కనుగ్రుడ్లు అప్పుడప్పుడు వడివడిగాఁ గదలుటయు, ఆ వేళ లేపినవారిలోఁ బెక్కురు స్వప్నములు చెప్పుటయుఁ బ్రకటించిరి.

అసలు సంగతి 1959లో ఫ్రాన్సుదేశపు లియాన్ నగరమున బయటఁబడెను. మిషెల్ జూవే యను వైద్యుఁడు పిల్లుల మెదడునందలి విద్యుత్తును, మెడకండరముల విద్యుత్తును జతగాఁ బరీక్షించుచుండెను. గాఢముగా నిద్రించు పిల్లి మెదడు కొంతసేపు మేల్కొన్న పిల్లి మెదడువలెఁ జుఱుకుగా నుండెను. సరిగా నా సమయముననే మెడకండరముల బిగువు పూర్తిగా మాయమయ్యెను. తల మేల్కొన్నట్లును, ఒడలు చచ్చినట్లును ఉన్న యీ స్థితికి జూవే విరుద్ధనిద్ర యని పేరిడెను. 1965లో ఆయనయు, డెలోర్మ్ అను సహచరుఁడును మెదడుకాండమున నొక చిన్నచోటును జెఱిచి చూచిరి. ఆ పిల్లులు నిద్రలోనే తలయెత్తినవి, లేచి నిలిచినవి, లేని యెరపై లంఘించినవి. ఎదుట నిజముగానున్న దానిని మాత్రము లెక్కసేయలేదు.

జంతువుల నిట్లు కోసి చూచుట మాకు రుచింపదు. అయినను ఆ పిల్లుల సాక్ష్యమును త్రోసివేయఁజాలము. నిశ్చలత్వము పని మానుటచేఁ గలిగినది కాదు. అదియే యొక పని. పరుగెత్తుమని స్వప్నము తొందరపెట్టుచుండఁగా, మెదడుకాండమునుండి బయలుదేఱిన వేఱొక యాజ్ఞ వెన్నుపాములోని చలననాడుల నోరు మూయించుచున్నది. కనుగ్రుడ్లును, ఊపిరితీయు ప్రధానకండరమును మాత్రమా కట్టునకు లోఁబడవు.

మాండూక్యోపనిషత్తు జాగ్రత్స్వప్నసుషుప్తులను విడఁదీసి చెప్పినదిగదా, ఇందుఁ గ్రొత్త యేమని యడుగువారు కలరు. మే మా త్రోవను బోము. ఆ ఋషి విచారించినది ఆత్మను, మెడకండరములను గాదు.

మెలఁకువ వచ్చినను ఈ కట్టు వెంటనే విడువని క్షణములు కొందఱికిఁ గలుగును. కన్నులు తెఱచియుండును, కేక రాదు, రొమ్ముపై బరువు తోఁచును. దయ్యము కూర్చున్నదని మన యిండ్లలోఁ జెప్పుచు, పడుచుపిల్లలను భూతవైద్యుల వేపమండలకు నప్పగించినది యీ క్షణములకే. కట్టు సడలుట దీనికి విపర్యయము. 1986లో అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రమున షెంక్, మహోవాల్డ్ అను వైద్యులు, కలలోని శత్రువుతోఁ బెనఁగుచుఁ బ్రక్కనున్న భార్యను గొట్టు వృద్ధులను వర్ణించిరి. పగటివేళ వారు సాధువులే. ఇట్టివారిని 29 మందిని గనిపెట్టిచూడఁగా, అందు 11 గురికి తరువాతి యేండ్లలో పార్కిన్సన్ వ్యాధివంటి రోగము పొడచూపినదని 1996లోఁ దెలిపిరి. చేతివణఁకునకు ఏండ్ల ముందే యీ రాత్రిపెనఁగులాట కనఁబడవచ్చునన్నమాట. కావున నేఁడు తెలిసిన వైద్యుఁడు రోగి నిద్రనుగూర్చి యాతనినేకాక, ప్రక్కను దెబ్బలు తిన్న యిల్లాలినిగూడ నడుగుచున్నాఁడు.