గుత్త ఎవరి చేతిలో? జీలుగు కల్లు నుంచి చింతపండు దాకా

పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

క్లాసులో మోనోపలీ అంటే గుత్తాధిపత్యం అని రాయించారు. అమ్మేది ఒక్కడే అయితే వాడు చెప్పిందే ధర. ఉదాహరణకి రైల్వే అన్నారు. మాకు మాత్రం ఆ మాటలో ఉన్న ‘గుత్త’ దగ్గరే మనసు ఆగిపోయింది. సర్కారుకి ఇంత కడతానని ఒప్పుకుని, ఒక ప్రాంతంలో వసూలు హక్కు మొత్తం తన చేతిలో పెట్టుకునేవాడే గుత్తేదారు. మన ముత్తాతలు వాణ్ణి పుస్తకంలో చదవలేదు, జీలుగు చెట్టు కింద చూశారు.

కొండల్లో కల్లు అంటే ఒట్టి మత్తు కాదు. తిండి దొరకని నెలల్లో అదే కడుపు నింపేది. రంప మన్సబుదారు దాని మీద చిగురుపన్ను వేశాడు. తర్వాత మద్రాసు ప్రభుత్వం అబ్కారీ చట్టం తెచ్చి కల్లుని గుత్తకి ఇచ్చేసింది. అంటే మన చెట్టు, మన కత్తి, మన ముంత, కానీ ఇంట్లోకి గీసుకున్నా నేరమే! దానికి తోడు కింద నుంచి వచ్చిన వర్తకులు చిన్న చిన్న బాకీలకి కోర్టు కాగితాలు చూపించి పశువుల్ని తోలుకుపోయేవారు. 1879 మార్చిలో రంప ఫితూరీ లేచింది. కారం తమ్మనదొర, అంబుల్ రెడ్డి లాంటివాళ్లు ముందు నిలిచారు. అది గొలుగొండ, రేకపల్లి వైపు కూడా పాకింది. 1922 అల్లూరి పోరాటం అందరికీ తెలుసు, సినిమా కూడా చూశాం. అంతకి 43 ఏళ్ల ముందు జరిగిన దీనికి మాత్రం పాఠంలో రెండు లైన్లే.

గుత్తకి ఇంకో ముఖం ఉంది. కొనేవాడు ఒక్కడే అయినా జరిగేది అదే. సంతలో షావుకారు ఉప్పు అప్పిచ్చి, సీజన్లో చింతపండు తన కుంచంతోనే కొలుచుకునేవాడు. 1917 చట్టం ఏజెన్సీలో వడ్డీ ఏడాదికి 24 శాతం దాటకూడదంది. కానీ కుంచానికి, తూకానికి వడ్డీ చట్టం ఏం చేస్తుంది? 1956లో విశాఖలో జీసీసీ పుట్టింది ఈ షావుకారు పట్టు తప్పించడానికే. అయినా శ్రీకాకుళం కొండల్లో షావుకార్ల మీద, భూస్వాముల మీద కోపం చల్లారలేదు. 1967 అక్టోబర్ 31న లేవిడి దగ్గర కోరన్న, మంగన్న తూటాలకి నేలకొరిగారు.

1979లో వచ్చిన రెగ్యులేషన్‌తో షెడ్యూల్డ్ ప్రాంతాల్లో చిన్నతరహా అటవీ ఫలసాయం వ్యాపారం మీద గుత్త హక్కు జీసీసీకి వచ్చింది. షావుకారు గుత్తకి విరుగుడుగా సర్కారు గుత్త అన్నమాట. ఆ రోజుకి అది అవసరమే అని మేము అనుకుంటున్నాం. జిగురు, తేనె, కరక్కాయకి ముందుగా ఒక రేటు ప్రకటించడం చిన్న విషయం కాదు.

తర్వాత 2006 అటవీ హక్కుల చట్టం వచ్చింది. ఫలసాయం మీద యాజమాన్యం, దాన్ని సేకరించే, వాడుకునే, అమ్ముకునే హక్కు మనవేనంది. ఒక చట్టం కొనేది ఒకరే అంటుంది, ఇంకోటి అమ్ముకునే హక్కు ఏరినవాళ్లదే అంటుంది. జీసీసీ వద్దని మేము అనడం లేదు. అది పక్కకి తప్పుకుంటే ఆ ఖాళీలోకి వచ్చేది ఎవరో మన అమ్మమ్మలకి బాగా తెలుసు. కొనేవాళ్లలో జీసీసీ ఉండాలి, కానీ ఒక్కటే ఉండకూడదు. రేటు కట్టే రోజు గ్రామసభ కూడా కూర్చోవాలి. ఇది మా హాస్టల్ గదిలో తేలిన మాట, ఒప్పుకోనివాళ్లు కూడా ఉన్నారు.

మీ ఊళ్లో చింతపండు, అడ్డాకులు ఇప్పుడు ఎవరు కొంటున్నారు, రేటు ఎవరు చెబుతున్నారు? పెద్దవాళ్లని అడిగి కింద రాయండి.