పదిమంది గొంతుకు పట్టే పాట

సంగీతం వృత్తి కాని పాటల ప్రియులు కొందరు కలిసి ఒక పాట రికార్డు చేయాలనుకుంటే మొదట తేలాల్సింది ఏ పాట అన్నదే. తెలుగువారి బృందగానంలో ఈ ఎంపిక రికార్డుల కాలం కంటే చాలా పాతది. భజన మందిరంలో ఒకరు అందిస్తే మిగతావారు అందుకునేవారు. అందుకే అక్కడ రామదాసు కీర్తనలు, త్యాగరాజ దివ్యనామ కీర్తనలు నిలిచాయి. దివ్యనామ కీర్తనలో చరణాలన్నింటికీ ఒకటే వరుస. ఒక్క చరణం పట్టుబడితే పాటంతా వచ్చినట్టే.

తిరువయ్యారులో ఎంపిక ఇంకో దారి పట్టింది. 1940లో త్యాగరాజ ఆరాధన జరిపే వర్గాలు ఏకమయ్యాక ఆయన ఘనరాగ పంచరత్నాలను అందరూ కలిసి పాడడం స్థిరపడింది. దివ్యనామాల్లా ఇవి సులువైనవి కావు, కానీ అయిదూ ఆదితాళంలోనే ఉన్నాయి. స్వరం, సాహిత్యం ముందే బిగించి ఉండడంతో ఎవరి మనోధర్మానికీ చోటు లేదు. వందమంది ఒకే గొంతుగా పలకడానికి ఈ బిగువే ఆధారం. వరాళి రాగాన్ని గురువు శిష్యుడికి ఎదుట కూర్చోబెట్టి చెప్పకూడదన్న నమ్మకం వల్ల ఆ రాగంలోని నాలుగో కృతిని చాలామంది గోష్ఠిలో వింటూనే నేర్చుకున్నారు.

గ్రామఫోను, రేడియో వచ్చాక ఊరూరా ఒకే బాణీ వినిపించింది. శంకరంబాడి సుందరాచారి ‘మా తెలుగు తల్లికి’ గీతాన్ని ‘దీనబంధు’ సినిమా కోసం రాశారు. టంగుటూరి సూర్యకుమారి గొంతులో రికార్డుగా వచ్చి బడి పిల్లల దాకా చేరింది, చివరకు ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర గీతమైంది. 2008 మే 10న సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్‌లో సిలికానాంధ్ర సంస్థ జరిపిన లక్షగళ సంకీర్తనార్చనకు ఏడు అన్నమయ్య సంకీర్తనలు ఎంచారు. ఊరూరా ముందే సాధన చేసి లక్షమందికి పైగా పాడారు. పాటలు తక్కువ, అందరికీ తెలిసినవి కాబట్టే అంత పెద్ద బృందం కుదిరింది.

సినిమా పాట దగ్గర చిక్కంతా శ్రుతిది. ఆడవారి గొంతు సాధారణంగా అయిదు, అయిదున్నర కట్టై శ్రుతిలో హాయిగా ఉంటే మగవారిది ఒకటి, ఒకటిన్నరలో. కలిసి పాడేటప్పుడు మగవారు ఒక స్థాయి దిగుతారు. స్థాయిన్నర మించి సాగే పాటైతే చరణం దగ్గర ఎవరో ఒకరు ఆగిపోతారు. పూర్వం ఆర్కెస్ట్రాలో హార్మోనియం వాయించేవాడు శ్రుతి మార్చి సర్దేవాడు. కరోకే ట్రాకులు వచ్చిన కొత్తల్లో ఆ వెసులుబాటు పోయింది. ట్రాకు ఏ శ్రుతిలో దొరికితే ఆ పాటే. 2012లో స్మ్యూల్ పాడే యాప్ తెచ్చింది, 2020 లాక్‌డౌన్‌లో ఎవరింట్లో వారు ఇయర్‌ఫోన్లు పెట్టుకుని పాడి ఒకచోట అతికారు. అప్పటినుంచి లయ నిలకడగా ఉన్న పాటలకే మొగ్గు. తాళం లేని సాకీతో మొదలయ్యే పాటను ఎదురుగా కూర్చోకుండా కలపడం కష్టం.

తెలుగు నేల దాటితే లిపి మరో చిక్కు. ఛత్తీస్‌గఢ్‌లోని రాయ్‌పూర్‌లో, పక్కనున్న భిలాయిలో రైల్వే, ఉక్కు పనుల వెంట వెళ్లి స్థిరపడిన తెలుగు కుటుంబాలున్నాయి. హిందీలో చదువుకున్న పిల్లలకు తెలుగు సాహిత్యాన్ని దేవనాగరిలో రాసి ఇవ్వాలి. ఆ లిపిలో హ్రస్వమైన ఎ, ఒ లకు వాడుకలో వేరే గుర్తులు లేవు. అలాంటి బృందానికి వేగంగా మాటలు దొర్లే పాట కంటే పల్లవి పదేపదే వచ్చే విలంబ గీతం నయం.

పాట కుదిరాక చట్టం చూడాలి. 1957 కాపీరైట్ చట్టానికి 2012లో చేర్చిన 31సి సెక్షన్ ప్రకారం, మొదటి రికార్డు వచ్చిన ఏడాది ముగిశాక అయిదేళ్లు గడిస్తేనే దాని కవర్ రికార్డు అమ్మకానికి తేవచ్చు. మామూలుగా ఏడాదికి కనీసం 50,000 ప్రతుల రాయల్టీ చెల్లించాలి. ఔత్సాహికులకు ఇది మోయలేని భారం. రచయిత పోయిన 60 ఏళ్లకు హక్కు తీరుతుంది, కనుక త్యాగరాజు, 1915లో మరణించిన గురజాడ అందరి సొత్తు. అన్నమయ్య విషయంలో సాహిత్యానికి అడ్డు లేదు కానీ, పాత బాణీలు దక్కక ఇరవయ్యో శతాబ్దంలో కూర్చినవి వేరు. 1979లో కన్నుమూసిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ బాణీలకు హక్కు ఇంకా ఉంది. అదే సంకీర్తనను బృందం సొంత వరుసలో పాడుకుంటే ఆ ఇబ్బంది లేదు.