రాజ్యరహస్యము – ప్రజావిశ్వాసము

మనలో పెక్కుమందికి “రహస్యము” అని ఎఱ్ఱసిరాతో ముద్రవేసిన దస్త్రములతో నిత్యపరిచయము గలదు. వానిని ఎవరికి చూపవచ్చునో, ఏ బీరువాలో భద్రపఱుపవలెనో మనకు కంఠస్థమే. కాని ఆ ముద్ర ఎందులకు వేయవలెను, ఎంతకాలముండవలెను అను ప్రశ్నను మనమంతగా వేసికొనము. ప్రజలెన్నుకొన్న నాయకులు ఆ ప్రజలకే ఒక సంగతి తెలియనీయకుండుట ధర్మమా? మన ఢిల్లీనగరముననే జరిగిన ఒక ఘట్టము ఈ ప్రశ్నపై మంచి వెలుగును ప్రసరింపజేయుచున్నది. అదియే అక్సాయ్ చిన్ రహదారి కథ.

రాజ్యమునకు రహస్యమే ఉండరాదనుట అవివేకము. కౌటిల్యుడు అర్థశాస్త్రమున మంత్రరక్షణమును ప్రత్యేకముగా వివరించెను. ఆంగ్లేయులు 1889లో అధికార రహస్యముల చట్టమును తెచ్చి, 1904లో దానిని బిగించి, 1923లో తిరుగ వ్రాసిరి. స్వాతంత్ర్యము వచ్చినను ఆ చట్టము నిలిచియే యున్నది. మన రాజ్యాంగపు మూడవ షెడ్యూలు ననుసరించి మంత్రులు పదవీప్రమాణముతోపాటు గోప్యతాప్రమాణమును గూడ చేయుదురు. అయితే కర్తవ్యనిర్వహణకు అవసరమైనమేరకు విషయములను వెల్లడింపవచ్చునను మినహాయింపు ఆ ప్రమాణమునందే కలదు. పార్లమెంటునకు సమాధానము చెప్పుట మంత్రి కర్తవ్యములలో ముఖ్యమైనది గదా!

ఇక కథలోనికి వత్తము. సింకియాంగును పశ్చిమ టిబెట్టుతో కలుపుచు చైనావారొక రహదారిని నిర్మించిరి. అది లడఖ్‌లోని అక్సాయ్ చిన్ పీఠభూమిమీదుగా నూరు మైళ్ళకు పైగా సాగుచున్నది. ఆ దారి పూర్తియైనదని 1957లో చైనా పత్రికలే ప్రకటించెను. మన రాయబార కార్యాలయమువారు ఆ వార్తను ఢిల్లీకి పంపిరి. 1958 వేసవిలో రెండు దళములు పరిశీలనకై పోయెను. వానిలో ఒకదానిని చైనా సైనికులు నిర్బంధించి, పిమ్మట విడిచిరి. 1958 అక్టోబరు 18న మన ప్రభుత్వము చైనా ప్రభుత్వమునకు ఆక్షేపణపత్రము నందించెను. ఇంత జరిగినను పార్లమెంటునకు తెలుపలేదు.

ఇచ్చట ఒక విచిత్రమును గమనింపుడు. దారి వేసినవారు చైనావారు. అచ్చువేసి చాటినవారును వారే. మన ఆక్షేపణయు వారి చేతిలోనే యున్నది. మఱి ఈ రహస్యము ఎవరినుండి దాచబడినట్లు? ఎదుటిపక్షమునకు పూర్తిగా తెలిసిన సంగతి మన ప్రజలకు మాత్రమే రహస్యమయ్యెను.

ప్రధాని నెహ్రూ ఉద్దేశ్యము చెడ్డదనుటకు వీలులేదు. ఉత్తరప్రత్యుత్తరములచే చిక్కు విడిపోవచ్చుననియు, తగిన సమయమున సభకు తెలుపవచ్చుననియు తాము తలచినట్లు వారే 1959లో రాజ్యసభలో చెప్పిరి. ప్రజల ఆగ్రహము చెలరేగినచో సంప్రదింపులకు తావుండదని సందేహించుట రాజనీతిజ్ఞునకు సహజమే. కాని నిప్పును కొంగున ముడివేసికొనినచో ఎంతసేపు దాగును?

1959 మార్చిలో దలైలామా భారతదేశమునకు శరణార్థియై వచ్చిరి. ఆగస్టు 25న ఈశాన్య సరిహద్దున లాంగ్జు కడ కాల్పులు జరిగెను. ఆగస్టు 28న అక్సాయ్ చిన్ రహదారి సంగతిని ప్రధాని లోక్‌సభకు తెలిపిరి. సెప్టెంబరు 7న 1954 మొదలుకొని నడచిన లేఖలతో శ్వేతపత్రము వెలువడెను. రెండు వారములలోపల, ఏండ్లతరబడి తెలియవలసినదంతయు ఒక్కసారిగా ప్రజలమీద పడెను. అక్టోబరు 21న కోంగ్కా కనుమ సమీపమున మన రక్షకభటులు పదిమంది ప్రాణములర్పించిరి. దేశము ఉడికిపోయెను.

1960 ఏప్రిలులో చౌఎన్‌లై ఢిల్లీకి వచ్చునప్పటికి ప్రధానికి సంప్రదింపులలో మెసలుటకు చోటు మిక్కిలి తగ్గియుండెను. ఆ చర్చలు ఫలింపకపోవుటకు చైనావారి పట్టుదల, టిబెట్టు పరిణామములు మున్నగు కారణములు గూడ లేకపోలేదు. అయినను సంప్రదింపులకు స్వేచ్ఛ కావలెనని పాటించిన మౌనమే తుదకు ఆ స్వేచ్ఛను హరించినదని నా అభిప్రాయము. క్రమక్రమముగా తెలిసినయెడల ప్రజలు ఆలోచింతురు. ఒక్కసారి తెలిసినయెడల ఆగ్రహింతురు.

అదే నాయకుడు తరువాత చూపిన మఱియొక మార్గమును విస్మరింపరాదు. 1962 అక్టోబరు 20న యుద్ధమారంభమయ్యెను. నవంబరు 8న పార్లమెంటు సమావేశమైనప్పుడు, చర్చను రహస్యముగా జరుపుదమని ఒక సూచన వచ్చెను. నెహ్రూ అంగీకరింపలేదు. సేనలు వెనుకంజవేయుచున్న ఆ దినములలోనే లోక్‌సభలో 165 మంది సభ్యులు బహిరంగముగా మాటలాడిరి. తీవ్రమైన నిందలు ప్రధాని ముఖముననే పలుకబడెను. దానివలన దేశము చీలిపోలేదు సరికదా, మఱింత ఏకమయ్యెను.

కాని పాత అలవాటు పూర్తిగా పోలేదు. పరాజయకారణములను విచారించిన హెండర్సన్ బ్రూక్స్, భగత్ అను సేనానుల నివేదిక 1963లో ప్రభుత్వమునకు చేరెను. ఆ సెప్టెంబరు 2న రక్షణమంత్రి చవాన్ దాని సారాంశమును మాత్రము పార్లమెంటునకు చెప్పిరి. అది ఇంకను సైనికప్రయోజనము గల విషయమని 2010లోను ప్రభుత్వము వెల్లడికి నిరాకరించెను. 2014లో అందలి కొంత భాగమును ఒక విదేశీ పత్రికారచయిత లోకమునకు బయటపెట్టెను. నిజము నిలకడమీద తేలుననుట ఇందులకే.

ఈలోపల న్యాయము మారినది. ప్రభుత్వకార్యములను తెలిసికొను హక్కు ప్రజలకు గలదని 1975లో రాజ్‌నారాయణ్ కేసున సుప్రీంకోర్టు పలికెను. 2005 నాటి సమాచారహక్కు చట్టము, ప్రజాప్రయోజనము అధికమైనచో 1923 చట్టము సైతము అడ్డుగాదని చెప్పినది.

సేనల కదలికలు, సంకేతలిపులు, సంప్రదింపులలో రేపటి ఎత్తుగడ, ఇవి దాచదగినవే. కాని దాచుటకుముందు రెండు ప్రశ్నలు వేసికొనవలెను: ఎవరినుండి? ఎంతకాలము? మొదటి ప్రశ్నకు “మన ప్రజలనుండియే” అను జవాబు వచ్చినయెడల ఆ ముద్రను చేతినుండి దింపుట మేలు.

కురుక్షేత్రమున సంజయుడు ధృతరాష్ట్రునకు పుత్రుల మరణవార్తలను సైతము దాచక వినిపించెను. కన్నులులేని రాజునకే ఉన్నదున్నట్లు చెప్పిన సంప్రదాయము మనది. కన్నులున్న ప్రజలు ప్రభువులైన ఈ కాలమున అంతకు తక్కువ చేయుట మనకు తగునా?