రామములగకు కూడూ గుడ్డా



మోండా మార్కెట్టుకు వెళ్ళిన ఇల్లాలు టమాటా కొనకుండా తిరిగి రావడం అరుదు. పప్పులోకి, చారులోకి, పచ్చడిలోకి అదే కదా! కాని ఇది పరదేశపు పండంటే మన పిల్లలు నమ్మరు.

దీని పుట్టిల్లు దక్షిణ అమెరికా. మెక్సికో ప్రజలు సాగుచేసి కూరకు అలవాటు చేశారు. పదహారో శతాబ్దంలో స్పెయిన్ ఓడల మీద ఐరోపా చేరితే, విషపు కాయేమోనని అక్కడివాళ్ళు చాలాకాలం జంకారు. 1753లో లిన్నేయస్ పండితుడు దీన్ని వంగ జాతిలో చేర్చాడు. మన కోస్తా పెద్దలు ఏ శాస్త్రమూ చదవకుండానే "రామములగ" అని పిలిచారు. నేలములక, వంగ, టమాటా ఒక్క తల్లి పిల్లలే మరి!

1798 ఒడంబడికతో ఇంగ్లీషు సైన్యం హుస్సేన్ సాగర్‌కు ఉత్తరాన దిగింది. 1806లో ఆ దండుకు సికందర్ జా పేరిట సికింద్రాబాదు అని పేరొచ్చింది. తెల్లవారున్నచోట వాళ్ళ కూరగాయలూ ఉండేవి. టమాటాను ఎక్కువగా వాళ్ళ కోసమే పండిస్తున్నారని పంతొమ్మిదో శతాబ్దం చివర జార్జి వాట్ రాశాడు. తెల్లవారు వెళ్ళారు, టమాటా మన వంటింట్లో ఉండిపోయింది.

ఎంతగా ఉండిపోయిందంటే, 2023 జూలైలో కిలో వంద రూపాయలు దాటేసరికి ఇల్లాళ్ళంతా గగ్గోలు పెట్టారు. నాలుగు కుండీలున్నా కొంత ఊరటే. అయితే ఒక్కమాట. కాయతోపాటు పొలం సారమూ మన ఇంటికి వస్తోంది. తొక్కలు చెత్తబండి పాలైతే మట్టికి తిరిగి చేరేదేముంది?

ఈ సంగతినే ఆల్బర్ట్ హోవర్డ్ 1924 నుంచి 1931 వరకు ఇండోరులో పనిచేసి లోకానికి చాటాడు. ఆకూ అలమూ, పేడా, మట్టీ పొరలుగా వేసి, తడుపుతూ తిరగేస్తే మూడు నెలల్లో ఎరువవుతుందన్నాడు. ఆయన మన రైతులను గురువులుగా భావించినవాడు. మోండా నుంచి టోకు వ్యాపారం తరలివెళ్ళిన బోయినపల్లి మార్కెట్లో కూడా కూరల చెత్తతో గ్యాసూ, కరెంటూ తీసే ఏర్పాటు జరిగింది. 2021లో దేశమంతా దాన్ని మెచ్చుకుంది.

ఇక మన పెరటి సంగతి. నాటేముందు గుంటలో బాగా మాగిన పశువుల ఎరువు రెండు దోసిళ్ళు, వేపపిండి ఒక గుప్పెడు కలపండి. పచ్చిపేడ వేస్తే లేతవేళ్ళు మాడతాయి. మూడు వారాలయ్యాక మరో దోసెడు చాలు. ముద్దుచేసి అతిగా పెడితే ఆకులు ఏపుగా వస్తాయి గాని, కాయ రాదు.

అది కూడు. గుడ్డ ఏమిటంటారా? తడిపిన మట్టిమీద ఎండుటాకులో, వరిగడ్డో రెండు మూడు అంగుళాల మందాన పరచండి. కాండానికి మాత్రం రెండంగుళాలు ఎడం ఉంచండి, తగిలితే మొదలు కుళ్ళుతుంది. మన ఎండలకు తేమ ఆరదు, కలుపు లేవదు, వానచినుకులకు మట్టి చింది ఆకులకు తెగులంటదు. నీరు ఒకనాడు ఎండగట్టి, ఒకనాడు ముంచితే కాయ అడుగు నల్లబడుతుంది. ఈ కప్పు ఆ బెడదనూ తగ్గిస్తుంది. ఏడాదికి ఆ ఆకులే ఎరువైపోతాయి.

పరదేశం నుంచి వచ్చిన కోడలు మన ఇంటిదైపోయింది. దానికింత తిండీ, కప్పుకోను ఆకూ మన వంటింటి చెత్తలోనే, మన చెట్టు కిందే ఉన్నాయి. సంచీ ఖాళీచేసిన రోజునే తొక్కలకొక కుండ పెట్టండి.